గడప దగ్గర ఆగే కాలు: పార్కిన్సన్స్ నడకను ఎక్కడ కొలవాలి?

(ప్రపంచ పార్కిన్సన్స్ దినమైన ఏప్రిల్ 11న హనుమకొండలో, వ్యాధిగ్రస్తులు, వారి కుటుంబసభ్యులు, ఫిజియోథెరపీ విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభలోని పెద్దలకు, పార్కిన్సన్స్‌తో కాలం గడుపుతున్న వారికి, వారిని చేయి పట్టుకుని తీసుకువచ్చిన ఇంటివారికి, విద్యార్థులకు నమస్కారం.

నేను అరగంట ముందే వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాను. ఈ హాలు తలుపుకు రెండు రెక్కలున్నాయి. అప్పటికి ఒక రెక్కకు గడియ వేసి ఉంది. వరండాలో బాగానే నడిచి వచ్చిన ఒక పెద్దాయన ఆ సందు దగ్గరికి రాగానే నిలిచిపోయారు. మడమలు లేచాయి, మోకాళ్లు సన్నగా అదురుతున్నాయి, నడుము పైభాగం ముందుకు వాలింది, పాదాలు మాత్రం నేలను వదలలేదు. వెనుకనున్న కొడుకు ప్రేమగానే, "నడువు నాయినా, ఎనుక మంది ఆగిన్రు" అన్నాడు. ఆ మాటతో ఆయన మరింత బిగుసుకుపోయారు. నేను లేచి వెళ్లి రెండో రెక్క గడియ తీశాను. ఆయన లోపలికి నడిచి వచ్చారు. ఈ సంగతి సభలో చెప్పడానికి ఆయన ఒప్పుకున్న తరువాతే చెబుతున్నాను.

తలుపు వెడల్పు రెట్టింపైనంత మాత్రాన కాళ్లలోకి కొత్తగా బలం రాలేదు, వేసుకున్న మందు మోతాదు మారలేదు. మరి మారింది ఏమిటి? గత కొన్నేళ్లుగా నేనూ నా తోటివారూ పట్టుకుని వేలాడుతున్న ప్రశ్న ఇదే. దానికి జవాబు వెతకడంలో మేము చేసిన తప్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ తప్పు ఈ రంగంలో చాలామంది చేసినదే.

నేను న్యూరో ఫిజియోథెరపిస్టును. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, అప్పుడు పనిచేస్తున్న చోట, పొడవాటి ఖాళీ వరండాలో 10 మీటర్ల దూరం కొలిచి, రెండు చివర్లా మధ్య మధ్యలోనూ తెల్ల టేపు అడ్డంగా అతికించి, స్టాప్‌వాచీతో రోగుల నడక వేగాన్ని రాసుకునేవాళ్లం. దాదాపు అందరూ ఆగకుండా నడిచారు. ఫారంలో "నడకలో కాళ్లు ఆగిపోవడం" అన్న గడి ఎదురుగా "లేదు" అని వరుసగా రాసుకుంటూ పోయాం. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక రోగి భార్య ఆ కాగితం వైపు చూసి, "మీ ముందర నడిచినట్టు ఇంట్ల నడిస్తే మేం ఈడికి ఎందుకొస్తం సారూ?" అని అడిగింది. ఆమె మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. తరువాత చదివిన కొద్దీ అర్థమైంది: ఖాళీ వరండా, ఎదురుగా చూస్తున్న తెల్లకోటు, "ఇప్పుడు నడవండి" అన్న మాట, నేల మీద అడ్డగీతల్లాంటి టేపులు, ఇవన్నీ ఆయన నడకకు మేము తెలియక అందించిన ఊతకర్రలు. రోగాన్ని కొలుస్తున్నామని అనుకుంటూ, కొలిచినంత సేపూ దాన్ని కొంత నయం చేసి పంపించాం.

ఈ వ్యాధి మొదట గుర్తింపు పొందింది గదిలో కాదని ఇక్కడ చెప్పుకోవాలి. లండన్‌లో వైద్యం చేసిన జేమ్స్ పార్కిన్సన్ 1817లో వణుకుడు పక్షవాతం గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. ఆయన వర్ణించిన రోగులు ఆరుగురే. వారిలో కొందరు ఆయన వీధిలో చూసినవారు. మొండెం ముందుకు వంగడాన్నీ, మామూలు నడక తనకు తానే పరుగులోకి జారిపోవడాన్నీ ఆయన రాశాడు. చేతి వణుకును చూసి అంచనా వేయడానికి కుర్చీలో కూర్చున్న మనిషి సరిపోతాడు; నడకను చూడాలంటే మనిషి వెళ్తున్న దారి కూడా కనిపించాలి. ఆ దారి పార్కిన్సన్‌కు లండన్ వీధుల్లో దొరికింది. తరువాత ఫ్రాన్స్‌లో షార్కో అనే నాడీవైద్యుడు ఈ వ్యాధికి ఆయన పేరు పెట్టాడు. 1957లో స్వీడన్‌కు చెందిన కార్ల్‌సన్ నాడీకణాల మధ్య కబురు మోసే డోపమిన్ అనే రసాయనానికి మెదడులో ఉన్న పాత్రను బయటపెట్టాడు. 2000 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. 1960లో హోర్నికీవిచ్ పార్కిన్సన్స్‌తో మరణించిన వారి మెదడుల్లో డోపమిన్ తరిగిపోయిందని చూపాడు. 1967లో కొట్జియాస్, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా అనే మందును నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చి, మంచం పట్టినవారిని లేపి నిలబెట్టాడు.

ఆ లెవోడోపా మనకు కొత్త పదార్థమేమీ కాదు. కంచెల మీద కాసి, తాకితే ఒళ్లంతా దురద పెట్టే దూలగొండి మీలో పల్లెల నుంచి వచ్చినవారందరికీ తెలుసు. దాని గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. ఈ మాట విని రేపు ఎవరూ గింజలు దంచుకుని తాగవద్దు. ఏ గింజలో ఎంత మందు ఉందో చేత్తో తూచి చెప్పలేం, వేసుకుంటున్న మాత్రకు అది తోడైతే మోతాదు అదుపు తప్పుతుంది.

ఇక మెదడులో జరిగేదేమిటో చూద్దాం. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడు కాళ్లతో తొక్కుతూ, చేత్తో నాడె ఆడిస్తూ, పక్కింటివారితో ధరల గురించి మాట్లాడుతూనే ఉంటాడు. మొదటి నెలలో అతనికి అది సాధ్యమై ఉండదు. అప్పుడు ప్రతి తొక్కుడూ తలతో ఆలోచించి చేసినదే. సాధన ముదిరాక ఆ పని ఆలోచన నుంచి అలవాటులోకి దిగుతుంది. నడక మనందరికీ బాల్యంలోనే అలా దిగిపోయిన పని. మెదడు లోతుల్లోని బేసల్ గ్యాంగ్లియా అనే కేంద్రాలు ఈ అలవాటు పనులను నడిపించడంలో ముఖ్యమైనవి. సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగంలోని నాడీకణాలు వాటికి డోపమిన్‌ను అందిస్తాయి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు నశిస్తాయి; వణుకో, బిగుసుకుపోవడమో బయటికి కనబడే నాటికే వాటిలో చాలా భాగం పోయి ఉంటుంది. ఆ నష్టం అన్నిచోట్లా సమానంగా ఉండదు. ఆ కేంద్రాల్లో ఒకటైన, అలవాటు పనులతో ముడిపడిన పుటామెన్ వెనుకభాగం ముందుగా, ఎక్కువగా దెబ్బతింటుంది. ఉద్దేశపూర్వకంగా, దృష్టి పెట్టి చేసే పనులను నడిపే భాగాలు చాలాకాలం మెరుగ్గానే ఉంటాయి.

అందువల్ల పార్కిన్సన్స్ వచ్చిన మనిషి డెబ్భై ఏళ్ల వయసులో మళ్లీ నడక నేర్చుకుంటున్న నేత కుర్రాడి స్థితిలోకి వెళ్తాడు. ప్రతి అడుగునూ తలతో వేయాలి. డాక్టరు ముందు నడిచేటప్పుడు ఆయన తల మొత్తం నడక మీదే ఉంటుంది కనుక నడక బాగుంటుంది. ఇంట్లో ఫోను మోగినప్పుడు, కోడలు పిలిచినప్పుడు, బాత్రూముకు తొందరపడినప్పుడు ఆ తల మరో పని మీదికి పోతుంది, కాలు ఆగుతుంది. రోగి నటిస్తున్నాడనీ, డాక్టరు దగ్గర ఒక తీరు, ఇంట్లో ఒక తీరు ఉంటున్నాడనీ కొన్ని ఇళ్లలో నిష్ఠూరాలు వింటుంటాను. ఆ తేడా నటన వల్ల రాదు, జబ్బు లక్షణాల్లో అదీ ఒకటి.

దీన్ని చాలా శ్రద్ధగా పరీక్షించి చూపినవారిలో ఆస్ట్రేలియాకు చెందిన మెగ్ మోరిస్ బృందం ఉంది. 1990ల్లో వారు నడకను రెండు ముక్కలుగా విడదీసి చూశారు: నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారు, ఒక్కో అంగ ఎంత పొడవుంది. రోగులకు అడుగుల సంఖ్యను పెంచడం తగ్గించడం చేతనైంది. అంగ పొడవును నియంత్రించడమే కష్టమైంది. నేల మీద తగిన దూరంలో అడ్డగీతలు పెడితే అదే రోగి అంగ మామూలు మనిషి అంగతో సమానమైంది. గీతలు లేకుండా, "పెద్ద అంగ వేయాలని మనసులో అనుకుంటూ నడవండి" అని చెప్పినా పొడవు పెరిగింది. నడుస్తూ ఇంకో పని చేయమనగానే అంగ మళ్లీ చిన్నదైపోయింది. పెద్ద అంగ వేసే శక్తి కాళ్లలో ఉందనీ, దాన్ని దానంతటదే వెలికి తెచ్చే యంత్రాంగం దెబ్బతిన్నదనీ ఈ ప్రయోగాలు చెప్పాయి. అంతకుముందే 1967లో ఇంగ్లండ్‌లో పర్డన్ మార్టిన్ అనే వైద్యుడు, నడిచే దిశకు అడ్డంగా ఉన్న గీతలే పనిచేస్తాయని, దారి పొడవునా సాగే నిలువు గీతలు అక్కరకు రావని గమనించాడు.

ఈ విషయం చెప్పినప్పుడల్లా నాకు మన వరంగల్ డర్రీలు గుర్తుకు వస్తాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతలో రంగు రంగుల అడ్డపట్టీలు ఎంత చక్కగా ఉంటాయో మీకు తెలుసు. ఒకసారి ఉత్సాహపడి ఒక ఇంట్లో పొడవాటి డర్రీ పరిపించి నడిపించాను. రెండు సార్లు అందంగా నడిచిన ఆ పెద్దాయన మూడోసారి అంచు మడతలో కాలు తట్టుకుని తూలిపోయారు. పక్కనే ఉన్నాను కనుక పట్టుకోగలిగాను. నేలకు అంటుకోని ఏ పరుపూ పార్కిన్సన్స్ ఇంట్లో ఉండకూడదన్న పాఠం నాకు ఆ రోజు తలకెక్కింది. డర్రీ మంచం మీదనే ఉండాలి. నేల మీద సుద్దగీత గానీ, జారని రంగు టేపు గానీ చాలు.

ఇప్పటిదాకా చిన్న అడుగుల గురించి చెప్పాను. తలుపు దగ్గర జరిగినది వేరు. ముందుకు వెళ్లాలని మనిషి ఎంత కోరుకుంటున్నా, కొన్ని సెకన్ల పాటు పాదాలు ముందుకు సాగకపోవడాన్ని ఇంగ్లీషులో ఫ్రీజింగ్ అంటారు. వ్యాధి ముదిరిన కొద్దీ ఇది చాలామందిలో కనిపిస్తుంది. దీనికి తెలుగులో మాట వెతకడమే మా మొదటి పరిశోధన అయింది. "కాళ్లు గడ్డకడతాయా?" అని అడిగితే ఎవరికీ అర్థం కాలేదు. "కాళ్లు పట్టేస్తాయా?" అని అడిగితే పిక్కలు పట్టేయడం గురించి చెప్పి, రాత్రి నిద్ర పట్టని సంగతి ఏకరువు పెట్టారు. "తిమ్మిరి" అన్నవారిలో కొందరికి షుగరు వల్ల వచ్చిన మొద్దుబారడం ఉంది. చివరికి రోగులే మాట ఇచ్చారు. పరకాల నుంచి వచ్చినాయన, "బంక పూసినట్టు అతుక్కుంటయి, పెకిలిద్దామన్నా పెకలయి" అన్నారు. అప్పటి నుంచి మా ప్రశ్న "కాళ్లు నేలకు అతుక్కున్నట్టు అవుతుందా?" అనే. ఆ ప్రశ్నకు ముందు ఒక చిన్న వీడియో చూపిస్తాం. రోగిని అడిగిన తరువాత భార్యనో, కొడుకునో విడిగా అడుగుతాం. ఇద్దరి జవాబులూ కలవని సందర్భాలు తక్కువేమీ కాదు, ఎక్కువసార్లు ఇంటివారి మాటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

కాళ్లు అతుక్కునే చోట్లు ఇంచుమించు ప్రపంచమంతటా ఒకటే: లేచి మొదటి అడుగు వేసేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, ఇరుకు సందులో దూరేటప్పుడు, కూర్చోబోయే కుర్చీని సమీపించేటప్పుడు, తొందరలో, రెండు పనులు ఒకేసారి చేసేటప్పుడు. తలుపు ఎంత ఇరుకైతే నడక అంత నెమ్మదిస్తుందని, అతుక్కోవడం అంత ఎక్కువవుతుందని తలుపు వెడల్పులు మార్చి చేసిన ప్రయోగాల్లో తేలింది. భయం కూడా ఇందులో భాగమే: కళ్లద్దాల తెర మీద లోతైన గోతిపై సన్నని పలక చూపించి, దాని మీద నడుస్తున్నట్టు అనిపించేలా చేస్తే, సమతల నేల మీదే నడుస్తున్నా అతుక్కోవడం పెరిగింది. ఈ రోజు ఆ కొడుకు అన్న "ఎనుక మంది ఆగిన్రు" అన్న మాట ఎందుకు పనిచేయలేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మన ఊళ్లలో దీనికి తోడు గడప ఉంది. పరదేశపు పరిశోధనల్లో తలుపు అంటే సమతల నేల మీద ఒక చట్రం. మన పాత ఇళ్లలో తలుపు అంటే ఇరుకూ, ఎత్తూ, తొక్కకూడదన్న ఆచారమూ కలిసిన చోటు. దాటేటప్పుడు తల వంచాలి, కాలు ఎత్తాలి, గడపకు పెట్టిన పసుపును తొక్కకూడదు, చాలాసార్లు చెప్పులు అక్కడే విడవాలి. ఒక్క అంగలో ఇన్ని పనులు. దీనికి వ్యతిరేకంగా వాదించే అవకాశం కూడా ఉంది: గడప అనేది దాటడానికి కంటికి కనిపించే అడ్డగీతే కదా, అది సాయపడాలి కదా? కొందరికి నిజంగానే సాయపడుతుంది. పసుపు గడపను ఇట్టే దాటేసి, గడప లేని బాత్రూము తలుపు దగ్గర నిలిచిపోయేవారిని నేను చూశాను. ఎవరికి గడప మెట్టు అవుతుంది, ఎవరికి గోడ అవుతుంది అన్నది ఇంటింటికీ వెళ్లి కొలవకుండా తేలదు.

కొలవడం ఎలా? ఆసుపత్రిలో వాడే పరీక్షల్లో ఒకటి కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడం. 1991 నుంచి వాడుకలో ఉన్న సులువైన పరీక్ష, స్టాప్‌వాచీ ఉంటే చాలు. కాళ్లు అతుక్కోవడాన్ని బయటికి రప్పించాలంటే మాత్రం ఉన్నచోటే వేగంగా గుండ్రంగా, రెండు దిశల్లోనూ పూర్తిగా తిరగమనడం మేలైన పద్ధతి. నడుముకో, పిక్కకో కట్టిన సెన్సర్ కదలికలను నమోదు చేస్తుంది. మామూలు నడకలో కాలి కదలిక సెకనుకు 3 సార్ల లోపే ఉంటుంది. అతుక్కున్న కాలు సెకనుకు 3 నుంచి 8 సార్లు అదురుతుంది. ఈ రెండింటి నిష్పత్తిని లెక్కగట్టి అతుక్కున్న క్షణాన్ని గుర్తించే పద్ధతి 2008లో వచ్చింది. చవకైన ఫోనులో కూడా అటువంటి సెన్సర్ ఉంది గనుక ఇది మనవంటి చోట్లకు వరమే. దీనికి ఒక చిక్కుంది. అందరి కాళ్లూ అదరవు. అదురు లేకుండా రాయిలా నిలిచిపోయిన మనిషికీ, పక్కింటాయనతో మాట్లాడటానికి తనకు తానుగా ఆగిన మనిషికీ సెన్సర్ తేడా పట్టలేదు. అందుకే ఇప్పటికీ వీడియోను ఇద్దరు విడివిడిగా చూసి, అతుక్కున్న క్షణాలను లెక్కించి, తరువాత పోల్చుకోవడమే నమ్మదగిన కొలత. ఒక నిమిషం వీడియోకు చాలా నిమిషాల శ్రమ పడుతుంది. విద్యార్థులు తప్పించుకు తిరిగే పని ఇదే, అందరికంటే ముందు వాళ్లు నేర్చుకోవలసిన పనీ ఇదే.

రెండు పనుల పరీక్ష గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మనం పరాయి కొలబద్దను కళ్లు మూసుకుని వాడుతున్నాం. స్వీడన్‌లో 1997లో ఒక చక్కని పరిశీలన ప్రచురితమైంది: నడుస్తున్న వృద్ధులను మాటల్లోకి దించితే ఆగిపోయి మాట్లాడేవారు తరువాతి నెలల్లో ఎక్కువగా పడిపోయారు. అప్పటి నుంచి ప్రయోగశాలల్లో రోగిని నడిపిస్తూ, నూరులోంచి ఏడేడు తీసేస్తూ లెక్క చెప్పమనడం రివాజైంది. బడి ముఖం చూడని నర్సంపేట రైతుకు ఆ లెక్క రెండో పని కాదు, అవమానం. ఆయన నడక ఆగింది జబ్బు వల్లనో, సిగ్గు వల్లనో ఎవరు చెప్పగలరు? మేము ఆ లెక్కలు మానేశాం. హనుమకొండ నుంచి ములుగు పోయే బస్సు ఏ ఊళ్ల మీదుగా పోతుందో చెప్పమంటాం: ఆత్మకూరు, కటాక్షపూర్, మల్లంపల్లి, జాకారం. తిరుగు ప్రయాణంలో అవే పేర్లు వెనక నుంచి చెప్పమంటే కష్టం పెరుగుతుంది. ఆడవారిని చెంబునిండా నీళ్లు పట్టుకుని ఒలకకుండా నడవమంటాం. ఈ పనుల కష్టం అందరికీ సమానమని ఇంకా రుజువు చేయలేదు. ముందు వ్యాధి లేని అదే వయసువారితో, అవే ఊళ్లవారితో చేయించి, మామూలుగా ఎంత తేడా వస్తుందో తెలుసుకోవాలి. ఆ పని నడుస్తోంది.

మందు వేళ కూడా కొలతలో భాగమే. మాత్ర పనిచేస్తున్న సమయాన్ని ఆన్ అనీ, దిగిపోయిన సమయాన్ని ఆఫ్ అనీ మీరే అంటుంటారు. పరిశోధనలో ఆఫ్ నడకను చూడాలంటే కనీసం 12 గంటలు మాత్ర వేయకుండా ఉంచి, మర్నాడు పొద్దున చూడటం పద్ధతి. కాగితం మీద ఇది సబబుగానే ఉంటుంది. భూపాలపల్లి నుంచి పొద్దున్నే మాత్ర లేకుండా బస్సెక్కి రమ్మని ఒక మనిషిని అడగడం నా దృష్టిలో తప్పు. అందుకే మేము ఉదయం మొదటి మాత్రకు ముందు వారి ఇంటికే వెళ్తాం, నడిపించి చూసి, మాత్ర వేసుకున్నాక గంటకు మళ్లీ చూస్తాం. ఈ పద్ధతిలో రోజుకు ఒక్కరినే చూడగలం. అందులోనూ ఒక లాభం ఉంది, గడప అక్కడే ఉంటుంది. ఇదే సందర్భంలో ఒక మాట: లెవోడోపా, మాంసకృత్తులు పేగులోంచి రక్తంలోకి చేరడానికి ఒకే దారి కోసం పోటీపడతాయి. పప్పు, గుడ్డు, మాంసంతో భోజనం చేసి వెంటనే మాత్ర వేసుకుంటే కొందరికి మందు సరిగా అందదు. భోజనానికి అరగంట ముందు వేసుకుంటే ఎలా ఉంటుందో మీ డాక్టరును అడగండి. నడకలోని అన్ని లోపాలూ మందుకు లొంగవన్నది కూడా నిజమే. అంగ పొడవు, వేగం మెరుగవుతాయి. తూలడం, కొందరిలో అతుక్కోవడం మొండికేస్తాయి. ఎందుకంటే సమతూకం డోపమిన్ ఒక్కదాని మీద ఆధారపడి లేదు, ఎసిటైల్‌కోలిన్ అనే మరో కబురు మోసే రసాయనాన్ని వాడే నాడీకణాలు కూడా దెబ్బతింటాయి. ఆ దారిలో రివాస్టిగ్మిన్ అనే మందును ఇంగ్లండ్‌లో 130 మంది మీద పరీక్షించి, అడుగుల మధ్య హెచ్చుతగ్గులు తగ్గాయని 2016లో చెప్పారు.

కాళ్లు ఈడ్చి నడిచేవారందరికీ పార్కిన్సన్స్ ఉన్నట్టు కాదని కూడా చెప్పాలి. తలతిప్పుడుకు నెలల తరబడి వేసుకునే సిన్నరిజిన్, వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ వంటి మందులు ముసలివారిలో అచ్చం ఇదే నడకను తెచ్చిపెట్టగలవు. వచ్చేటప్పుడు పాత చీటీలన్నీ తీసుకురమ్మని మేము పట్టుబట్టేది అందుకే.

ఇక లయ. లయ కొట్టే మెట్రోనోమ్ అనే పరికరం టిక్కుకో, పాట దరువుకో అడుగు కలిపితే నడక మెరుగవుతుందని 1990ల నుంచి పరిశోధనలు చెబుతున్నాయి. ఎంత వేగం పెట్టాలన్నది అందరికీ ఒకటి కాదు. కాళ్లు అతుక్కోని వారికి వారి సహజ వేగం కంటే కొంచెం ఎక్కువ దరువు మేలు చేస్తుంది; అతుక్కునే వారికి దరువు పెంచితే అంగ మరింత చిన్నదైపోతుంది, కొంచెం తగ్గించి ఇవ్వాలి. మూడేళ్ల కిందట ఒక అమ్మ గురించి ఆమె కోడలు వీడియో పంపింది. ఇంట్లో వంటింటి తలుపు దాటడానికి ఇద్దరు పట్టుకోవలసిన ఆమె, వాకిట్లో బతుకమ్మ చుట్టూ వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ, పక్కకు అడుగులు వేస్తూ మూడు చుట్లు తిరిగింది. పాడేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగగానే ఆమె కూడా ఆగింది, ఆ చుట్టులోంచి బయటికి రావడానికి మళ్లీ చేయి పట్టుకోవలసి వచ్చింది.

ఆ వీడియో చూసి నేను పొంగిపోయిన మాట నిజం. తరువాత కూర్చుని ఆలోచిస్తే, అందులో చప్పట్ల లయ ఉంది, పక్కవారి పాదాలు కళ్లకు కనబడుతున్నాయి, అడుగు ముందుకు కాకుండా పక్కకు పడుతోంది, చోటు విశాలంగా ఉంది, మీదుమిక్కిలి ఆనందం ఉంది. అయిదు సంగతుల్లో ఏది ఆమె కాలును పెకిలించిందో ఒక్క వీడియో చెప్పదు. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, లయ ఉండి వలయం లేకుండా, వలయం ఉండి లయ లేకుండా చూడాలి. బతుకమ్మతో పార్కిన్సన్స్ నయమవుతుందని రేపు ఎవరైనా ఫోనుల్లో సందేశాలు తిప్పితే, ఆ వార్తకు నన్ను సాక్షిని చేయవద్దని మనవి.

నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ఇంకో వింత చూపించారు. నడవబోతే కొన్ని అడుగులకే కాళ్లు అతుక్కుని పడబోయే 58 ఏళ్ల మనిషి సైకిల్ ఎక్కి, హాయిగా తొక్కుకుంటూ వెళ్లి, మలుపు తిరిగి వచ్చాడు. దిగగానే మళ్లీ అతుక్కుపోయాడు. పెడళ్లు కాళ్లకు దరువునీ, ఒక కాలి తరువాత ఇంకొక కాలన్న వరుసనూ అందిస్తుండవచ్చని ఒక వివరణ. మన చౌరస్తాల్లో రోగిని సైకిలెక్కించమని నేను అనను. కదలకుండా ఒకచోట నిలిపిన వ్యాయామ సైకిల్ మాత్రం చాలామందికి మేలు చేస్తుంది.

ఇలాంటి సూచనల శిక్షణ ఎంతకాలం నిలుస్తుంది? యూరపులో 153 మందికి మూడు వారాలు వారి ఇళ్లలోనే గీతలు, దరువులతో శిక్షణ ఇచ్చిన అధ్యయనం 2007లో వెలువడింది. నడక కొంత మెరుగైంది. శిక్షణ ఆపిన ఆరు వారాలకు ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. ఈ ఫలితాన్ని వైఫల్యంగా చెప్పేవారున్నారు. నేను దాన్ని కళ్లజోడుతో పోలుస్తాను. మూడు వారాలు పెట్టుకుని తీసేస్తే చూపు మళ్లీ మసకబారడంలో కళ్లజోడు తప్పేముంది? మరోవైపు, 302 మంది వృద్ధులతో ఆరు వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద నడిపించిన అధ్యయనం 2016లో వచ్చింది. వారిలో పార్కిన్సన్స్ ఉన్నవారు కూడా ఉన్నారు. ఎదురుగా తెర మీద అడ్డంకులు చూపించి దాటించిన వారు, ఒట్టి ట్రెడ్‌మిల్ మీద నడిచిన వారికంటే ఆ తరువాతి ఆరు నెలల్లో తక్కువసార్లు పడ్డారు. కాళ్లతో పాటు తలకు కూడా శిక్షణ ఇచ్చినందువల్ల వచ్చిన తేడా అది.

కొత్త యంత్రాల గురించి మీరు వార్తల్లో చదువుతుంటారు. 2023లో వెన్నుపాము మీద ఎలక్ట్రోడులు అమర్చి ఒక రోగిని నడిపించారు; 2024లో తుంటికి కట్టే మెత్తని రోబో దుస్తుతో ఒక రోగికి అతుక్కోవడాన్ని దాదాపు లేకుండా చేశారు. రెండింటిలోనూ "ఒక రోగి" అన్న మాటను దయచేసి గట్టిగా చదవండి. దారి కనబడింది, రోడ్డు ఇంకా వేయలేదు. మన దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీ పిల్లలు నడుముకు కట్టే బెల్టు తెచ్చారు, నడుస్తున్నంత సేపూ టక్కుటక్కుమంటుంది. రెండో వారానికి రోగి చెవి ఆ శబ్దాన్ని గోడ గడియారం చప్పుడులా వదిలేసింది. కాలు అతుక్కోబోయే క్షణంలో మాత్రమే మోగేలా మార్చమని చెప్పి పంపాను. మళ్లీ వచ్చారు, ఇంకా కుదరలేదు. పిల్లలు మాత్రం పట్టు వదల్లేదు.

ఇంటివారికి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. కాళ్లు అతుక్కున్నప్పుడు చేయి పట్టి ముందుకు లాగవద్దు. మొండెం వస్తుంది, పాదాలు రావు, మనిషి ముఖం మీద పడతాడు. తొందరపెట్టవద్దు. "ఆగండి" అని చెప్పండి. ఊపిరి తీసుకోనివ్వండి. బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మెల్లగా మార్చమనండి, తరువాత పెద్ద అంగ వేయమనండి. కావాలంటే మీ పాదాన్ని వారి పాదం ముందు అడ్డంగా పెట్టి, "దీన్ని దాటండి" అనండి. మలుపు తిరిగేటప్పుడు ఉన్నచోటే గిరుక్కున తిరగకుండా, చెరువుగట్టు మీద బండి తిరిగినట్టు వెడల్పుగా తిరగమనండి.

బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాం. దాని మీద పేరు రాయనక్కరలేదు. మీ ఇంట్లో కాళ్లు ఎక్కువగా అతుక్కునే చోటు ఏది, అక్కడ తలుపు వెడల్పెంత, గడప ఉంటే ఎత్తెంత, చివరి మాత్ర వేసుకుని ఎంతసేపైంది అన్న నాలుగే ప్రశ్నలున్నాయి. కొలవడానికి టేపు లేనివారికి అక్కడే ఇస్తారు. కాగితం నింపి తిరిగి పంపినవారి ఇళ్లకు, వారు రమ్మంటేనే, వచ్చే నెల నుంచి పొద్దున మాత్రకు ముందు మేము వస్తాం. వెళ్లేటప్పుడు తొందరేమీ లేదు. తలుపు రెండు రెక్కలూ తీసే ఉన్నాయి, గడప ముందు నేల మీద సుద్దతో మూడు గీతలు గీయించాను.